కొత్త లైసెన్సు – పాత బండి

ప్రతి తరానికీ ఆ తరపు యువకుల మనస్సును ఆకట్టుకొనే వస్తువు ఒకటి ఉంటుంది. మా తాతగారి కాలంలో అది సైకిలు. మా తండ్రిగారి కాలంలో చేతి గడియారమో, ట్రాన్సిస్టరు రేడియోయో అయి ఉండవచ్చు. మా కాలంలో అది మోటారు సైకిలు అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. కళాశాల ఆవరణలో చెట్ల నీడన బారులు తీరి నిలిచే వాహనాలే ఇందుకు సాక్ష్యం. కొత్త బండి కొనగల స్తోమత ఉన్నవానికి పెద్ద చిక్కు లేదు. దుకాణానికి పోయి రంగు ఎంచుకొంటే చాలును. చిక్కంతా మా వంటివారికే. ఇతరులు వాడి విడిచిన బండిని కొనేవాడు ఆ బండి గతాన్ని చదవగలిగి ఉండాలి. ఆ చదువు ఏ తరగతిలోనూ చెప్పరు. 2025వ సంవత్సరంలో మేము ఆ చదువు కొంత చదువుకొన్నాము. లైసెన్సు చేతికి వచ్చిన ఉత్సాహంలో ఉన్న సాటి విద్యార్థులకు అది ఉపయోగపడగలదన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము అంటే అన్నదమ్ములము ఇద్దరము. మాలో పెద్దవాడు బి.కాం. చివరి సంవత్సరం, చిన్నవాడు బి.ఎస్సి. మొదటి సంవత్సరం. పెద్దవాడు ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ, చిన్నవాడు ఐదడుగులకు మూడంగుళాలు ఎక్కువ. ఈ కొలతలు ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది. మా నాన్నగారు కువైట్‌లో డ్రైవరు. అమ్మ కర్నూలుకు 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పల్లెలో ఉర్దూ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని. ఉదయం బస్సు దొరుకుతుంది. సాయంత్రం బడి విడిచిన తరువాత బస్సు కోసం గంటన్నర నిలబడాలి. అది రాని నాడు పదిమందిని ఎక్కించుకొన్న ఆటోలో అంచున కూర్చొని రావాలి. డిసెంబరు నెలలో ఆరు గంటలకే చీకటి పడుతుంది. లారీలు దూసుకొనిపోయే రోడ్డు అంచున అమ్మ ఒంటరిగా నిలబడి ఉంటుందన్న తలపు వస్తే మాకు పుస్తకం మీద దృష్టి నిలిచేది కాదు. కనుక మోటారు సైకిలు మాకు వేడుక వస్తువు కాదు, అవసరం. ఆ అవసరంలో కొంత వేడుక కూడా కలిసి ఉండేదని ఒప్పుకొంటే తప్పు లేదు.

ముందుగా లైసెన్సు సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి 18 సంవత్సరాలు నిండి ఉండాలి. మొదట లెర్నరు లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకొన్న 30 రోజుల తరువాత పరీక్షకు హాజరు కావచ్చును. మేమిద్దరము మా మేనమామ గారి బండి మీద నేర్చుకొని, ఒకే రోజున పరీక్షకు పోయి, కాలు నేలకు ఆనించకుండా ఎనిమిది అంకె ఆకారపు దారిలో తిరిగి వచ్చి ఉత్తీర్ణులమైనాము. అయితే లైసెన్సు పొందడం వేరు, నడపడం వచ్చుట వేరు. పరీక్షా మైదానంలో గేదె అడ్డం రాదు. ఎదురుగా తప్పు దారిలో ట్రాక్టరు రాదు. వెనుక సీటు మీద కన్నతల్లి కూర్చొని ఉండదు.

ఉన్న డబ్బు 52,000 రూపాయలు. అందులో 30,000 అమ్మ వేసిన చీటీ డబ్బు. మిగిలినది మేము రెండేండ్లుగా ట్యూషన్లు చెప్పి కూడబెట్టినది. ఈ సంగతి తెలిసి నాన్నగారు కువైట్ నుండి ఫోను చేశారు. ఆయన యౌవనంలో బుల్లెట్టు కొనాలని ఎంతో ఆశపడి కొనలేకపోయారు. “ఇంకొక 60 వేలు ఎట్లో సర్ది పంపుతాను, బుల్లెట్టే కొనండిరా. వీధిలో వస్తూ ఉంటే నలుగురూ తిరిగి చూడాల” అన్నారు. మాకు గుండెలు పొంగిపోయినాయి. అమ్మ ఆ ఫోను తీసుకొని, “నలుగురూ చూసేది ముందు కూర్చొన్నవాళ్లను. వెనక కూర్చొనేది నేను” అన్నది. ఫోను పెట్టేసిన తరువాత హాజరు పట్టీ చదివినంత నిదానంగా మాకు మూడు షరతులు చెప్పింది.

“ఒకటి, బండి ఆగినప్పుడు మీ ఇద్దరిలో ఎవరు నడుపుతున్నా రెండు పాదాలూ నేలకు ఆనాల. రెండు, నా బట్ట చక్రంలో పడకూడదు. మూడు, పేరు మారేదాకా నేను ఆ బండి ఎక్కను.”

అప్పుడు మాకు ఈ మూడూ ఆడవారి భయాలుగానే తోచినాయి. కాని నెల రోజులపాటు కర్నూలు వీధులలో బండ్లు చూస్తూ తిరిగిన తరువాత, వాడిన బండిని పరీక్షించడానికి ఇంతకు మించిన కొలబద్ద లేదని మాకు అర్థమైనది.

నాన్నగారి మాట కాదనలేక మొదట బుల్లెట్టునే చూడబోయినాము. బుల్లెట్టుకు మన దేశంలో ఉన్న గౌరవం ఊరక వచ్చినది కాదు. భారత సైన్యం ఆ బండిని ఎన్నుకొన్న తరువాత, 1955లో మద్రాసులో దాని నిర్మాణం మొదలైనది. ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడిన తరువాత కూడా మన దేశంలో ఆ పేరు బ్రతికే ఉన్నది. మా అందుబాటులోకి వచ్చిన బుల్లెట్టు పాతకాలపుది. దానికి గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉన్నాయి. ఆ కాలపు బుల్లెట్ల అమరికే అంత. ఇప్పటి బండ్లన్నింటికీ గేరు ఎడమ, బ్రేకు కుడి. ఎడమ గేరు మీద నేర్చుకొన్న కొత్తవాని కాలు ఆపదలో దానంతట అది కుడివైపునే తొక్కుతుంది. అక్కడ బ్రేకు ఉండదు, గేరు ఉంటుంది. పదేండ్లు ఆ బండి మీద తిరిగినవానికి ఇది సమస్య కాదు. లైసెన్సు మీద సిరా ఆరనివానికి ఇది ప్రాణాంతకం.

ఇక బరువు. ఈ తరగతి బండ్లు సుమారు 190 కిలోలు ఉంటాయి. నడుస్తున్నంతసేపు ఆ బరువు తెలియదు. నిలిపినప్పుడు, వెనుకకు త్రిప్పుకొనేటప్పుడు, ఇసుక మీద చక్రం జారినప్పుడు తెలుస్తుంది. మాలో పెద్దవాడు సునాయాసంగా కూర్చొన్నాడు. చిన్నవానికి మునివేళ్లు మాత్రమే ఆనినాయి. వెనుక మరొక మనిషి కూర్చొంటే ఆ బండి ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు నిలబెట్టే శక్తి ఆ మునివ్రేళ్లకు లేదు. అమ్మ మొదటి షరతు అక్కడ పని చేసింది. బుల్లెట్టుకు మనస్సులోనే నమస్కరించి తిరిగి వచ్చినాము.

తరువాత మా సహాధ్యాయి బంధువు ఒకరి దగ్గర యమహా ఆర్.ఎక్స్. 100 ఉన్నదని తెలిసింది. మా వయస్సువారిలో ఆ పేరు వింటే చెవులు నిక్కించనివాడు ఉండడు. 1985లో మన దేశంలో విడుదలైన ఈ బండి నిర్మాణం 1996లో నిలిచిపోయింది. 98 సి.సి. ఇంజనుకు 11 అశ్వశక్తి, దానికి తోడు తేలికపాటి శరీరం. కనుకనే ఆ దూకుడు. ఇది రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలుతోపాటు ఆయిలు కూడా మండుతుంది. పొగ దాని పుట్టుకలోనే ఉన్నది. ఆ పొగనుబట్టి ఇంజను ఆరోగ్యం తేల్చడం కొత్తవానికి సాధ్యం కాదు. ఇక ఆ ఇంజనుకు మరొక లక్షణం ఉన్నది. యాక్సిలరేటరు వదిలినప్పుడు నాలుగు స్ట్రోకుల ఇంజను బండిని కొంత పట్టి ఆపుతుంది. ఇది అంతగా ఆపదు. భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది.

అన్నింటినీ మించి దాని కాగితాలు చూసినప్పుడు మా ఉత్సాహం చల్లారిపోయింది. సొంత వాహనపు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత బండిని చూపించి ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. 1996లో రిజిస్టరైన ఆ బండి గడువు 2011లోనే తీరిపోయింది. పొడిగించిన జాడ లేదు. “ఎవరూ అడగరు లెండి” అన్నాడు యజమాని. అడిగేవారు లేనంత వరకు ఆ మాట నిజమే. అడిగే రోజు ప్రమాదం జరిగిన రోజే కావచ్చును.

ఇట్లు రెండు వారాలు గడచిన పిమ్మట మా వీధి చివర షెడ్డు నడిపే మెకానిక్ చాచాను ఆశ్రయించినాము. ఆయన నలభై ఏండ్లుగా ఈ పనిలో ఉన్నవాడు. బడికి పోయినది తక్కువ గాని, బండిని చూచి ఆయన చెప్పే మాటలలో అక్షరం పొల్లు పోదు. “బేటా, బండి కొనడానికి పోయేటప్పుడు ముందుగా ఫోను చేసి, ఇంజను స్టార్టు చేసి పెట్టవద్దని చెప్పండి. చల్లగా ఉన్న ఇంజనే నిజం చెబుతుంది” అన్నాడు. వేడెక్కిన ఇంజను ఏదైనా ఒక్క కిక్కుకు లేస్తుంది. చల్లని ఇంజను ఎన్ని కిక్కులకు లేచింది, లేవగానే ఏ చప్పుడు చేసింది, ఏ రంగు పొగ విడిచింది, ఇవే చూడవలసినవి. నాలుగు స్ట్రోకుల బండికి సైలెన్సరు నుండి నీలిపొగ ఆగకుండా వస్తూ ఉంటే ఇంజను ఆయిలు లోపల మండుతున్నదని అర్థం. అది బోరు పనికి దారి తీస్తుంది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువగా పోతున్నదని అర్థం. అది చిన్న సవరణతో పోవచ్చును.

చాచా మాకు మరికొన్ని పరీక్షలు నేర్పినాడు. వెనుక పళ్లచక్రం మీద చైనును వ్రేళ్లతో వెనుకకు లాగి చూడాలి. చైను పైకి లేచి పళ్లు సగం కనబడితే చైను సెట్టు అయిపోయినట్లే. బండిని నడిమి స్టాండు మీద నిలిపి, ముందు చక్రాన్ని గాలిలో ఉంచి, హ్యాండిలును మెల్లగా అటూ ఇటూ త్రిప్పాలి. నడుమ ఎక్కడైనా గంటు పడినట్లు ఆగితే కోను సెట్టు మార్చవలసి ఉంటుంది. ముందు ఫోర్కు గొట్టాల మీద ఆయిలు తడి ఉన్నదేమో వ్రేలితో తుడిచి చూడాలి. బండి వెనుక పది అడుగుల దూరంలో మోకరించి, రెండు చక్రాలు ఒకే వరుసలో ఉన్నవో లేదో కంటితో కొలవాలి. టైరు ప్రక్కన నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2719 అని ఉంటే 2019లో 27వ వారాన తయారైనదని భావం. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఏండ్లు గడచిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు విడుస్తుంది.

“నీళ్లలో మునిగిన బండి సంగతి మాత్రం మరవకండి” అని చాచా ప్రత్యేకంగా హెచ్చరించినాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు మునిగినప్పుడు ఆయన షెడ్డు కూడా మునిగింది. ఆ తరువాత కొన్ని నెలలపాటు ఆయన చేసినది బురద కడగడమే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో అసంఖ్యాకంగా వాహనాలు నీట మునిగిన సంగతి అందరికీ తెలిసినదే. అటువంటి బండ్లు కొన్ని శుభ్రపడి, రంగు వేసుకొని, దూరపు ఊళ్లకు అమ్మకానికి పోతాయి. సీటు ఎత్తి మూలలలో ఎండిన ఒండ్రు ఉన్నదేమో, హెడ్‌లైటు లోపలి వైర్ల చివరలు పచ్చగా చిలుము పట్టినవేమో చూడాలి. పై రంగుకు మాయ నేర్పవచ్చును గాని, మూలలలోని మట్టికి నేర్పలేరు.

ఈ విద్యతో మేము చూసిన మూడవ బండి ఒక 150 సి.సి. బండి. తళతళ మెరుస్తున్నది. ధర 38,000 మాత్రమే. మీటరు 21,000 కిలోమీటర్లు చూపుతున్నది. కాని ఎడమ పాదం ఆనించే రబ్బరు నున్నగా అరిగిపోయి ఉన్నది. గేరు లివరు రబ్బరు చిరిగి ఉన్నది. పళ్లచక్రం పళ్లు కొడవలి మొనలవలె వంగినాయి. 21,000 కిలోమీటర్లకు పాదం అంతగా రబ్బరును అరగదీయదు. మీటరు అబద్ధమాడవచ్చును, పాదం ఆడదు. అంతకన్న మాకు ముఖ్యంగా కనబడినది మరొకటి. వెనుక చక్రానికి ఎడమ ప్రక్కన ఉండవలసిన శారీ గార్డు లేదు. వెనుక కూర్చొనేవారు పట్టుకొనే కమ్మీ కూడా లేదు. “అవి ఉంటే బండి అందం పోతుందన్నా, తీసి పారేసినా” అన్నాడు అమ్మేవాడు.

ఇక్కడ అమ్మ రెండవ షరతు గురించి చెప్పాలి. రెండేండ్ల క్రితం అమ్మతోపాటు పనిచేసే ఒక టీచరమ్మ భర్త వెనుక బండి మీద పోతూ ఉండగా ఆమె దుపట్టా కొంగు చక్రంలో చిక్కుకొన్నది. వేగం తక్కువ కనుక ప్రాణం దక్కింది. మెడ ఎముక గాయంతో నెలల తరబడి మంచం మీద ఉన్నది. ఆ నెలలలో ఆమె తరగతి పిల్లలకు కూడా అమ్మయే పాఠం చెప్పింది. చీర కొంగు గాని, దుపట్టా గాని, బురఖా అంచు గాని చక్రం ఊచలలో పడితే, దానిని చుట్టుకొనడానికి చక్రానికి ఒక్క లిప్తపాటు చాలు. ఈ ప్రమాదం ఎరిగియే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం ప్రతి మోటారు సైకిలుకు మూడు వస్తువులు ఉండాలని ఆదేశిస్తున్నది. వెనుక కూర్చొనేవారికి చేతిపట్టు, కాళ్లు ఆనించే ఆధారం, వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పి వారి బట్టలను కాపాడే కవచం. అందం కొరకు తీసి పారేసినది ఆ కవచాన్నే. ఎవరి అందం కొరకు ఎవరి మెడను పణంగా పెట్టినట్లు? ఆ ప్రశ్నకు అమ్మేవాని దగ్గర జవాబు లేదు. అతని వెనుక ఎప్పుడూ అమ్మ కూర్చొని ఉండలేదు కాబోలు.

ఆ బండి కాగితాలు చూడగా మూడవ షరతు అర్థం కూడా తేటపడింది. ఆర్.సి. మీద ఉన్నది అనంతపురం వారి పేరు. ఆ తరువాత బండి ముగ్గురి చేతులు మారింది. ఒక్కరూ పేరు మార్పించుకోలేదు. మొదటి యజమాని సంతకాలు చేసి ఇచ్చిన ఖాళీ ఫారాలు మాత్రం చేతి నుండి చేతికి తాంబూలంవలె తిరుగుతున్నాయి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే బండి మీద ఫైనాన్సు ఇంకా తీరలేదని తేలింది. అప్పు తీరినట్లు ఇచ్చినవారు ఫారం 35 మీద వ్రాసి ఇచ్చేంత వరకు ఆ బండి పూర్తిగా అమ్మేవానిది కాదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. రాష్ట్రంలోపల బండి అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా అధికారికి తెలియజేయాలి. ఫారం 29 అమ్మకపు సమాచారం, ఫారం 30 పేరు మార్పు దరఖాస్తు. బీమా మార్పునకు కొన్నవారు 14 రోజులలోగా కంపెనీకి వ్రాయాలి. ఇవన్నీ గుమాస్తా లాంఛనాలని చాలామంది అనుకొంటారు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పేరు మార్పు లేకుండా చేతులు మారుతూ పోయిన ఒక కారు ప్రమాదం చేయగా, రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో వారే చట్టం దృష్టిలో యజమాని అనీ, నష్టపరిహారం బాధ్యత వారిదే అనీ తేల్చింది. అనగా అనంతపురంలో ఎవరో ఒక పెద్దమనిషి, బండి అమ్మినాననుకొని నిశ్చింతగా నిద్రపోతున్నవాడు, ఇక్కడ కర్నూలులో మేము చేసే ప్రమాదానికి కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. ఈ మాట అమ్మతో చెప్పినప్పుడు, “బడిలో పేరు లేని పిల్లవాడు తరగతిలో కూర్చొంటే వాడికి ఏమైనా అయితే ఎవరిది పూచీ? బండైనా అంతే” అన్నది.

నాలుగవ బండి నది ఆవల దొరికింది. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. బండి మంచిది, మనిషి మంచివాడు, మాకు అరగంట ప్రయాణం. కాని అది టి.ఎస్. అక్షరాల బండి. 2024 మార్చి నుండి అక్కడి కొత్త బండ్లకు టి.జి. అక్షరాలు ఇస్తున్నారు. అక్షరాలు ఏవైనను, అది వేరే రాష్ట్రపు బండి. దానిని మన రాష్ట్రంలో శాశ్వతంగా ఉంచుకోదలిస్తే అక్కడి అధికారి వద్ద నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి, కొత్త నంబరు పొందాలి. ఈ ఖర్చులు కలుపుకొంటే చౌక అనుకొన్న ధర చౌక కాకుండా పోయింది. 2014కు ముందు ఈ నది రెండు జిల్లాల మధ్య హద్దు మాత్రమే. ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య హద్దు. ఈ తేడా బండి కొనేవాని సంచీకి తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు.

చివరకు దొరికినది ఒక 100 సి.సి. స్ప్లెండరు. వీధిలో ఎవరూ తిరిగి చూడని బండి. వీధికి ఇరవై ఉన్నవి గనుక తిరిగి చూసే అవసరమే రాదు. 1984లో ఏర్పడిన హీరో హోండా సంస్థ 1985లో సి.డి. 100ను, 1994లో స్ప్లెండరును విడుదల చేసింది. ఆ రెండు సంస్థలు విడిపోయిన తరువాత కూడా ఈ బండి ఆగలేదు. కనుకనే దీని విడిభాగాలు ప్రతి ఊరిలోనూ దొరుకుతాయి. దీనిని విప్పి బిగించడం తెలియని మెకానిక్ ఉండడు. బరువు సుమారు 110 కిలోలు, సీటు ఎత్తు 80 సెంటీమీటర్ల లోపు. మాలో చిన్నవాని పాదాలు రెండూ మడమలతో సహా నేలకు ఆనినాయి.

యజమాని పదవీ విరమణ చేసిన ఒక ప్రభుత్వోద్యోగి. మోకాళ్ల నొప్పుల వలన అమ్ముతున్నారు. బండి 2019 జూలైలో కొన్నది, మొదటి నుండి ఒకే చేతిలో ఉన్నది. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. లోపు కొత్త బండ్లకు కంబైన్డు బ్రేకు గాని ఏ.బి.ఎస్. గాని తప్పనిసరి. ఈ బండికి మొదటిది ఉన్నది. వెనుక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. తొందరలో వెనుక బ్రేకునే తొక్కే కొత్తవానికి ఇది పెద్ద రక్ష. ఆయన ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చి మా ముందు పెట్టినారు. ఆయిలు మార్చిన తేదీలు, వేసిన పెట్రోలు లెక్క, మార్చిన బ్రేకు షూలు, అన్నీ వరుసగా వ్రాసి ఉన్నాయి. చాచా బండిని అరగంట పరీక్షించి, చివరకు ఆ పుస్తకం తిరగవేసి, “దీని ధర కూడా కలిపి ఇవ్వొచ్చు” అన్నాడు. టైర్లు రెండూ 2019వే అయినందున మార్చక తప్పదనీ, చైను సెట్టు చివరి దశలో ఉన్నదనీ ఆ పెద్దాయన ముందే చెప్పినాడు. 44,000 అడిగి 41,000కు ఒప్పుకొన్నారు.

టైర్లు, చైను సెట్టు, బ్రేకు షూలకు 6,000 చిల్లర అయింది. మిగిలిన దానిలో ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్లు రెండు కొన్నాము. నడిపేవానికి ఒకటి, వెనుక కూర్చొనేవారికి ఒకటి. చట్టం ఇద్దరికీ పెట్టుకోమన్నది గాని ఒక్కరికే కాదు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించినారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుతున్నది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఇంత పెద్ద అంకెను చదివినప్పుడు మనస్సు దానిని పట్టుకోలేదు. ఆ అంకెలో ఒకటి కూడినా మనకు తెలిసినవారే కావచ్చుననుకొంటే పట్టుకొంటుంది.

పేరు మార్పు దగ్గర ఇంట్లో చిన్న చర్చ వచ్చింది. మాలో ఎవరి పేరు మీద? పెద్దవాడు పెద్దరికం చూపినాడు, చిన్నవాడు ఇంకా మూడేండ్లు ఇక్కడే చదువుతాడన్న వాదం తెచ్చినాడు. కువైట్ నుండి నాన్నగారు అంతా విని, “బండి ఎవరి కోసం కొన్నారు?” అని అడిగినారు. అంతటితో చర్చ ముగిసింది. ఆర్.సి. అమ్మ పేరు మీద వచ్చింది. యజమానికి లైసెన్సు ఉండవలసిన పని లేదు, నడిపేవానికి ఉంటే చాలును. బుల్లెట్టు గురించి నాన్నగారు మళ్లీ ఎత్తలేదు.

అమ్మ ఆ కార్డును అటూ ఇటూ త్రిప్పి చూసుకొని, తన పేరు అక్షరాలు సరిగ్గా పడినవో లేదో సరిచూసి, బీరువాలో పెట్టింది. బండి తాళం చెవి కూడా తన కొంగుకే కట్టుకొన్నది. వారం తిరగకముందే మా మిత్రుడొకడు లైసెన్సు లేకుండా ఒక్క రౌండు అడిగినాడు. లైసెన్సు లేనివానికి బండి ఇచ్చిన యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేక మూడు నెలల వరకు జైలు, లేక రెండూ పడవచ్చునని చట్టం చెబుతున్నది. “మా అమ్మను జైలుకు పంపుతావా?” అని మేము అడిగితే వాడు నవ్వి ఊరుకొన్నాడు. మా పేరు మీద ఉండి ఉంటే మొహమాటానికి ఏమి చేసి ఉండేవారమో చెప్పలేము.

పేరు మారిన తరువాత కూడా అమ్మ వెంటనే ఎక్కలేదు. నెల రోజులు ముందు మీరిద్దరూ ఒకరినొకరు ఎక్కించుకొని తిరగండి అన్నది. ఉదయం ఐదున్నర నుండి ఏడు వరకు ఆ పల్లె దారినే పోయి వచ్చేవారము. పోయేటప్పుడు ఒకడు, వచ్చేటప్పుడు ఒకడు. ఆ నెలలో మేము నేర్చుకొన్నదంతా వెనుక సీటు మీద నేర్చుకొన్నదే. ముందువాడు క్లచ్చు తటాలున విడిస్తే వెనుకవాని తల ఎట్లా వెనుకకు పోతుందో, గుంతను చివరి క్షణంలో తప్పిస్తే నడుము ఎట్లా విలవిలలాడుతుందో, లారీని దాటబోయేటప్పుడు ఎదురు రోడ్డు కనబడని వెనుకవాని గుండె ఎట్లా కొట్టుకొంటుందో అక్కడ కూర్చొంటే గాని తెలియదు. పరీక్షా మైదానంలో ఎనిమిది అంకె వేయించే అధికారులు అభ్యర్థిని ఒకసారి వెనుక సీటు మీద కూడా కూర్చోబెడితే బాగుండునని మాకు అనిపించింది.

ఇప్పుడు సాయంత్రం బడి విడిచే వేళకు మాలో ఒకడు అక్కడ ఉంటాడు. అమ్మ శారీ గార్డు వైపు ఒకసారి చూసి, బురఖా అంచు దగ్గరకు లాక్కొని, కమ్మీ పట్టుకొని, “ఇక పోనీ” అంటుంది. గంటకు 45 కిలోమీటర్లు దాటము. వెలుతురు ఉండగానే ఇల్లు చేరుతున్నాము. దారిలో అమ్మ ఆ రోజు పిల్లలు చెప్పిన మాటలు చెబుతూ ఉంటుంది. హెల్మెట్ల వలన సగమే వినిపిస్తాయి.

సోదర విద్యార్థులారా, బండి ఎంచుకొనేటప్పుడు మిత్రులు వేగం గురించి చెబుతారు, అమ్మేవారు మెరుపు గురించి చెబుతారు, అద్దంలో మన ముఖం మరేదో చెబుతుంది. అవన్నీ ముందు సీటు మాటలు. చల్లని ఇంజను, నేలకు ఆనే పాదాలు, చక్రానికి కవచం, మన పేరు మీది కాగితం, ఇవి వెనుక సీటు మాటలు. మీ వెనుక ఎవరు కూర్చోబోతున్నారో ముందుగా నిర్ణయించుకొని, ఆ మనిషి కొరకు బండి వెదకండి. ధర, రంగు, మైలేజి అనే లెక్కలన్నీ ఆ తరువాత చూసుకొన్నా ఆలస్యం కాదు.